తక్కువ రేటు ఒక్కటే చూస్తే ఎలా?
"ఎవరు తక్కువకిస్తే వాళ్ల దగ్గరే సరుకు కొనాలి" అని మీ వ్యాసంలో రాశారు, నేను ఒప్పుకోను. మాది చిన్న పచ్చళ్ల వ్యాపారం. కిలోకి పది రూపాయలు కలిసొస్తుందని ఓ ఏడాది మా పాత కారం మిల్లాయన్ని కాదని కొత్తాయన దగ్గర కారం తీసుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే ఆవకాయ నల్లబడింది, సగం సీసాలు వెనక్కొచ్చాయి. మొహం చెల్లకపోయినా మళ్లీ పాతాయన గుమ్మమే తొక్కాం. ఆయన తొడిమలు తీయించి, మా కళ్లముందే ఆడించి ఇస్తాడు. అయితే కొనేవాడి బాధ్యతా ఒకటుంది, టైముకి డబ్బు కట్టడం. సరుకిచ్చిన సూక్ష్మ, చిన్న సంస్థలకి ఒప్పందం ఎలా ఉన్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి) చట్టమే చెబుతోంది. వ్యాసంలో ఆ ఊసే లేదు. బిల్లు మూడు నెలలు తొక్కిపెట్టేవాడికి మామిడికాయల సీజన్లో ముందుగా సరుకు ఎవడిస్తాడు?