అమ్మకి చూపించని కుండీ

లండన్‌లో వాన నీళ్లు దాచుకునే తెలుగువాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. ఊరంతా వానని తిట్టుకుంటుంటే, నేను చూరు గొట్టం కింద డ్రమ్ము పెట్టి ఎంత నిండిందో తొంగి చూస్తుంటాను. మా ఇంటిల్లిపాదికీ కుళాయి నీళ్లే. ఎరికాకి మాత్రం పడవు. వాటిలో సున్నం ఎక్కువ, ఆకులు పసుపెక్కుతాయి.

నా ఎరికా దక్షిణాఫ్రికా కేప్ ప్రాంతపు పొద. సూదుల్లాంటి ఆకులు, కొమ్మ నిండా బుల్లి సన్నాయిల్లాంటి పూలు. 1772లో ఇక్కడి క్యూ అనే రాజుగారి తోట నుంచి ఫ్రాన్సిస్ మాసన్ అనే తోటమాలి కెప్టెన్ కుక్ ఓడెక్కి కేప్‌లో దిగి, వీటిని పదుల రకాలు ఇక్కడికి పంపాడు. దొరలు వీటికోసం అద్దాల గదులే కట్టించుకున్నారు. తర్వాత మోజు ఆర్కిడ్ల మీదికి మళ్లింది. ఆర్కిడ్లకి కావలసిన ఉక్క వీటికి గిట్టదు.

నేను మొదటి కుండీ డిసెంబరులో కొన్నాను. వీడియో కాల్‌లో అమ్మ చూసి, "ఇంటికొచ్చినదాన్ని పస్తు పెడతావట్రా? కాస్త పేడ ఎరువు వెయ్యి" అంది. వేశాను. మూడు వారాలకి, ముట్టుకుంటే ఆకులు జీలకర్ర ఒలికినట్టు రాలాయి. పీకి చూస్తే వేళ్లు దువ్వెనకి చిక్కిన జుట్టులా ఉన్నాయి. అంత సన్నటి వేళ్లు నిస్సారమైన నేలకి అలవాటుపడ్డవి. ఎరువులోని భాస్వరం కాస్త ఎక్కువైతే తట్టుకోలేవు.

విచిత్రం చూడండి. కేప్‌లో కొండ తగలబడితే ఆ పొగ తగిలి కొన్ని ఎరికాల విత్తనాలు మొలకెత్తుతాయి. అంత గుండె గల జాతి, నా గుప్పెడు పేడకి ప్రాణం వదిలింది.

కాబట్టి ప్రభుత్వంవారికి నా విన్నపం: సిగరెట్ పెట్టె మీద పుండు బొమ్మ వేసినట్టు, ఈ కుండీల మీద ఎండిన ఎరికా బొమ్మ వేయించాలి. కింద పెద్దక్షరాలతో, "నీళ్లు నిలవనివ్వకండి, ఒక్కరోజూ ఎండనివ్వకండి, మంచు తగలనివ్వకండి, కిటికీ మూయకండి, అమ్మ మాట వినకండి."

ఎరికా వెర్టిసిల్లాటా అని ఒకటుంది. దాని సొంత ఇసుక నేలల మీద కేప్‌టౌన్ నగరం పెరిగి, అడవిలో అది ఒక్కటీ మిగల్లేదు. వెతగ్గా వెతగ్గా 1984లో ఎక్కడో ప్రిటోరియాలో ఒక పార్కులో కనబడింది. ఆ కథ చెబితే అమ్మ కాసేపాలోచించి, "అక్కడ దానికి పెట్టేవాళ్లెవరూ లేరు కాబోలు పాపం" అంది.

నిన్న రెండో కుండీ తెచ్చాను. కాల్ వచ్చినప్పుడల్లా ఫోన్ గోడవైపు తిప్పి మాట్లాడుతున్నాను.