మర్యాద తెలియని మొక్కలు

గోదావరి జిల్లాల మర్యాద గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. వద్దని విస్తరికి చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి మీదే గరిటెడు పప్పు పడుతుంది. ఇంత మర్యాదను అరిగించుకోలేని జాతి ఈ గడ్డ మీద ఒక్కటే ఉంది: పెరటి పూలమొక్క. కడియపులంక నర్సరీలో కళకళలాడిన మొక్క మనింటికొచ్చి నెల తిరక్కుండానే తల వేలాడేస్తోంది. తప్పు ఎవరిదో తేల్చాలి. ఎటూ మనది కాదు కాబట్టి మొక్కదే.

మొదటి అభియోగం నీళ్ళ దగ్గర. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ డెల్టాలో నీళ్ళు పోయడానికి వెనకాడినవాడు లేడు. పొద్దున బకెట్టు, సాయంత్రం బకెట్టు, మధ్యలో బియ్యం కడుగు. మన నల్ల బంకమట్టి వాటిని పట్టుకుని వదలదు. మట్టిలో ఉండాల్సిన గాలి చోటంతా నీళ్ళే ఆక్రమిస్తే ఊపిరాడక వేరు గోధుమరంగుకి తిరిగి కుళ్ళుతుంది, కుళ్ళిన వేరు నీళ్ళు పీల్చలేదు, ఆకు వాడుతుంది. ఆకు వాడింది కదా అని ఇంకో బకెట్టు. "ఆయ్, ఇందాకే పోశామండీ, అయినా ఇలా అయిపోతందండీ" అంటారు. పోశారు కాబట్టే అలా అవుతోందని వాళ్ళ మొహం మీద చెప్పడం మర్యాద కాదు. వేలు రెండంగుళాల లోతుకి గుచ్చి చూసి, తడి తగిలితే చెంబు పక్కన పెట్టడమే మందు. మే నెల మిట్టమధ్యాహ్నం వాలిన ఆకు సాయంత్రానికి తనంతట తనే లేస్తే దానికి దాహం లేనట్టే. పొద్దుటికీ లేవకపోతే అప్పుడు వేరు సంగతి చూడాలి.

మడి కట్టేముందు నేలను కూడా ఒకసారి విచారించాలి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపి ఇంకనివ్వండి, మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు మర్నాటికీ నిలిచుంటే ఆ నేలలో గులాబి పెట్టడం కన్నా తామర పెంచుకోవడం మేలు. కోనసీమలో చాలా పెరళ్ళది ఇదే కథ. అక్కడ నేలమట్టానికి అడుగెత్తు మడి కట్టాలి. వెడల్పు మూడున్నర అడుగులు దాటకూడదు, రెండు పక్కల నుంచీ చెయ్యి అందాలి. ఉన్న మట్టి రెండు పాళ్ళు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, ఏటి ఇసుక ఒక పాలు. ఇసుక దొరకలేదని సముద్రపొడ్డు నుంచి తెచ్చి పోస్తే ఉప్పుతో మొక్క ఊరగాయవుతుంది. కొబ్బరి పొట్టు ఊరికే వస్తుంది గానీ పచ్చి పొట్టులోనూ లవణాలుంటాయి. రెండు మూడుసార్లు నానబెట్టి, ఆ నీళ్ళు పారబోశాకే కలపాలి.

నాటేటప్పుడు కవరు తియ్యాలి. ఇది రాయాల్సి రావడం బాధాకరం. లోపలి ఎర్రమట్టి ముద్ద చుట్టూ వేళ్ళు మెలితిరిగి ఉంటే చేతివేళ్ళతోనే కాస్త విప్పదీయాలి. గులాబిని అడవి గులాబి వేరు మీద అంటు కడతారు, ఆ అంటు కట్టిన చోటు నేలకి రెండంగుళాల పైన ఉండాలి. ఆ అంటు కింది నుంచి లేచిన కొమ్మ మహా ఏపుగా పెరుగుతుంది, ఇంట్లో అందరూ మురిసిపోతారు, ఏడాదికల్లా తెచ్చిన గులాబి చచ్చి అడవి గులాబి మిగులుతుంది. రెమ్మకి ఏడాకులుంటే అడవిదని లెక్కపెట్టేవాళ్ళున్నారు. ఆ లెక్క అన్నిసార్లూ నిలవదు. కొమ్మ ఎక్కణ్ణుంచి పుట్టిందో చూసి, పుట్టినచోటే పీకేయాలి.

ఇక భోజనం. చేలో చల్లాక మిగిలిన యూరియా గుప్పెడు తెచ్చి మందారం మొదట్లో పోయడం మన ప్రాంతపు ప్రత్యేక ఆతిథ్యం. యూరియాలో 46 శాతం నత్రజని. కాండానికి తగిలితే మాడుస్తుంది, తగలకపోతే ఆకుల్ని బలిపిస్తుంది. ఆ లేత చిగుళ్ళకి పేనుబంక, పిండినల్లి పురుగులు బంధుమిత్ర సపరివారంగా దిగుతాయి. వాటి తీపి జిగురు కోసం చీమలు కాపలా కాస్తాయి. పువ్వు తప్ప అన్నీ ఉంటాయి. చదరపు మీటరుకి రెండు కిలోల మాగిన ఎరువు వేసుకుంటే ఈ సంబరం ఉండదు. పచ్చిపేడ మాత్రం వద్దు, వేరుపురుగు దానితోనే వస్తుంది. పిండినల్లి పట్టాక ముందు పైపు నీళ్ళతో గట్టిగా కడిగి, లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్ళు కలిపి ఎండ తగ్గాక ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి. వారం ఆగి మళ్ళీ. ఒక్కసారి కొట్టేసి వేపనూనె పని చెయ్యదని తీర్పు చెప్పేవాళ్ళకి నమస్కారం.

సంక్రాంతి గొబ్బెమ్మలకి బంతిపూలు కావాలని జనవరి మొదట్లో గుర్తొస్తుంది. బంతికి గుర్తు రావాల్సింది అక్టోబరు మొదటి పక్షంలో: నారు పెరగడానికి నాలుగు వారాలు, నాటాక పూతకి రెండు నెలలు. వాయుగుండాల కాలం గనక నారుమడి ఎత్తుగా ఉండాలి. నాటిన నెలకి తల తుంచితే పక్కకొమ్మలు వస్తాయి గానీ పూత వెనక్కి జరుగుతుంది. పండగే ముఖ్యమైతే ఆలస్యంగా నాటినవాటి తల ముట్టుకోకండి.

మల్లె దగ్గర మన జాలిగుండె బయటపడుతుంది. డిసెంబరులో పదిహేను రోజులు నీళ్ళు మానేసి, ఆకు దూసి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కత్తిరించాలి. మొగ్గ వచ్చేది కొత్త చిగురుకే. "అయ్యో, నిండుగా ఉన్న పందిరండీ" అని వదిలేసినవాళ్ళకి ఏప్రిల్లో నిండుగా ఆకులుంటాయి, పూలు బజార్లో ఉంటాయి.

అసలు ముద్దాయి చామంతి. దానికి రాత్రి పొడుగవ్వాలి, చీకటి తెగకూడదు. అప్పుడే మొగ్గ కడుతుంది. వాణిజ్య సాగులో పూత వెనక్కి నెట్టడానికి రాత్రుళ్ళు కావాలనే దీపాలు పెడతారు. ఆ విద్య మనకి అప్రయత్నంగా అబ్బింది: మొక్క ఒంటరిగా భయపడుతుందేమో అన్నట్టు వరండా ఎల్‌ఈడీ తెల్లార్లూ వెలుగుతుంది, చామంతి నవంబరు దాటినా ఆకులేసుకుంటూ కూర్చుంటుంది. దీపం ఆర్పండి. అది వీధి దీపమైతే, సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి పొద్దున ఏడింటికి తీయండి, మొగ్గలో రంగు తేలేదాకా. ఒక్కరాత్రి మరిచిపోతే ఫరవాలేదు. రోజు విడిచి రోజు మరిచిపోతే మాత్రం కప్పడం దండగ.