ధాతువు అంటే ఏమిటని అడిగే ముందు, ఏ శాస్త్రంలో అని అడగండి

మాటల గురించి నలుగురు మాట్లాడుకుంటుంటే, అందులో ఒకరు తప్పకుండా అందుకుని "అసలు ఆ మాటకి అర్థం అది కాదండీ" అంటారు. ఇక అక్కడితో చర్చ అయిపోయినట్టే. ఎవరు పాత నిఘంటువు తీస్తే వాళ్లదే గెలుపు. మామూలు మాటల విషయంలో ఇది ఎలా ఉన్నా, శాస్త్రాల్లో వాడే మాటల విషయంలో మాత్రం ఈ అలవాటు చాలా నష్టం చేస్తోందని నా అభిప్రాయం. శాస్త్రంలో మాటకి అర్థం ఇచ్చేది నిర్వచనం. వేరే శాస్త్రానికి వెళ్తే వేరే నిర్వచనం, వేరే అర్థం. ఒకటి అసలు, మిగతావన్నీ నకిలీ అనే లెక్క అక్కడ లేదు.

పాణిని రాసిన సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి మొదలయ్యేదే ఇలాంటి నిర్వచనంతో. మొదటి సూత్రం "వృద్ధిరాదైచ్": ఆ, ఐ, ఔ అనే ధ్వనులకి వృద్ధి అని పేరు. రెండోది "అదేఙ్ గుణః": అ, ఏ, ఓలకి గుణం అని పేరు. అంతే. పెరుగుదల గురించి గానీ, మంచి గుణం చెడ్డ గుణం గురించి గానీ ఒక్క ముక్క లేదు. ఏక, ఏక కలిస్తే ఏకైక, అది వృద్ధి సంధి. మహా, ఇంద్రుడు కలిస్తే మహేంద్రుడు, అది గుణ సంధి. ఇందులో గుణవంతులెవరూ లేరు. అదే గుణం అనే మాటని వైశేషికులు (ఒక పాత దర్శనం వాళ్లు) ద్రవ్యంలో ఉండే రంగు, రుచి, బరువు లాంటి 24 లక్షణాలకి వాడారు. సాంఖ్యులు (మరో దర్శనం వాళ్లు) సత్త్వం, రజస్సు, తమస్సు అన్నప్పుడు అవి లక్షణాలు కూడా కావు, ప్రకృతి దేనితో తయారైందో ఆ ముడిసరుకు. గణితంలో గుణించడం మరో దారి. ఇన్ని శాస్త్రాల వాళ్లు ఒకే మాటని పంచుకున్నా ఒకరి పని ఒకరికి అడ్డం రాలేదు. ఎందుకంటే ప్రతివాళ్లూ ముందు "మా దగ్గర దీనికి అర్థం ఇది" అని చెప్పి మరీ మొదలుపెట్టారు.

ఇప్పుడు ధాతువు సంగతికి వద్దాం. తెలుగు మీడియంలో చదివిన వాళ్లకి ఇది వ్యాకరణం క్లాసులో ఎదురవుతుంది: క్రియకి మూలరూపం, చేయు, పోవు, చూచు లాంటివి. రసాయనశాస్త్రంలో మళ్లీ ఎదురవుతుంది: లాభసాటిగా లోహాన్ని తీయడానికి వీలున్న ఖనిజం. (కొన్ని పుస్తకాల్లో ముడిఖనిజం అంటారు.) హిందీ వాళ్లకి ధాతు అంటే నేరుగా లోహమే. ఆయుర్వేదంలో రసం, రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం, ఇవి సప్తధాతువులు. సంగీతంలో సాహిత్యం మాతువు, దాన్ని మోసే స్వరరచన ధాతువు, రెండూ తానే కూర్చేవాడు వాగ్గేయకారుడు. బౌద్ధుల దగ్గర ధాతువు అంటే బుద్ధుడి శరీర అవశేషం. దాన్ని కడుపులో దాచుకున్న కట్టడం ధాతుగర్భం. సింహళంలో స్తూపాన్ని దాగబ అనేది ఆ మాట నుంచే.

వీటి మధ్య చుట్టరికం లేదా? ఉంది. "ధా" అనే సంస్కృత ధాతువుకి ధాతుపాఠం (సంస్కృత క్రియామూలాల పాత జాబితా) ఇచ్చే అర్థం ధారణ, పోషణ. అంటే నిలిపి ఉంచడం, పోషించడం. నిధి, విధి, సంధి, శ్రద్ధ అన్నీ దాని పిల్లలే. ధాతువు అనే మాట కూడా దాని నుంచి పుట్టిందే. పదాన్ని అడుగున ఉండి నిలబెట్టేది, శరీరాన్ని నిలబెట్టేది, పాటని నిలబెట్టేది అని ఆలోచిస్తే ఈ అర్థాలు ఒక గూటివే అనిపిస్తాయి. ఈ చుట్టరికం తెలుసుకోవడం నాకు చాలా ఇష్టం. నా గొడవల్లా చుట్టరికాన్ని పట్టుకుని నిర్వచనాన్ని తోసేసే వాళ్లతోనే.

అల్యూమినియం చూడండి. బంకమట్టిలో అల్యూమినియం ఉంటుంది, బాక్సైట్‌లోనూ ఉంటుంది. కానీ ధాతువు బాక్సైట్ ఒక్కటే. "ధాతువులన్నీ ఖనిజాలే, ఖనిజాలన్నీ ధాతువులు కావు" అని పిల్లలు బట్టీ పడతారే, దాని అసలు కిటుకు ఇక్కడే ఉంది. బంకమట్టి నుంచి ఆ లోహాన్ని విడదీయడం గిట్టుబాటు కాదు. రేపెవరైనా చవకైన పద్ధతి కనిపెడితే అదే మట్టి ధాతువు అయిపోతుంది, మట్టిలో అణువంత మార్పు లేకుండానే. ఖర్చుని బట్టి మారే ఈ అర్థాన్ని "ధా" అనే ఒక్క అక్షరం నుంచి ఎంత పిండినా తీయలేం. అలాగే వ్యాకరణంలో ధాతువుకి గిట్టుబాటుతో సంబంధమే లేదు.

సప్తధాతువుల విషయంలో జరిగేది ఇంకా బాధాకరం. "మనవాళ్లు ఏడు కణజాలాలు ఎప్పుడో చెప్పారు" అని ధైర్యంగా రాసేస్తున్నారు. ఈనాటి జీవశాస్త్రం జంతువుల కణజాలాలని నాలుగు రకాలుగా విడగొడుతుంది: ఉపకళా, సంయోజక, కండర, నాడీ కణజాలాలు. ఆ లెక్కలో రక్తం, ఎముక, కొవ్వు మూడూ సంయోజక కణజాలంలోకే వస్తాయి. ఆయుర్వేదంలో అవి మూడు వేరు వేరు ధాతువులు, పైగా తిన్న ఆహారం నుంచి ఒకదాని తర్వాత ఒకటి తయారవుతూ పోయే వరుసలో భాగాలు. శుక్రం అసలు కణజాలమే కాదు. ఆ వర్గీకరణ వేరే ప్రశ్నకి జవాబు, ఈ వర్గీకరణ వేరే ప్రశ్నకి జవాబు. రెండిటినీ బలవంతంగా ఒకే గాట కడితే ఆయుర్వేదమూ అర్థం కాదు, జీవశాస్త్రమూ అర్థం కాదు.

సామర్థ్యం అనే మాట ఇంకా తమాషాగా ఉంటుంది. భౌతికశాస్త్రంలో జరిగిన పనిని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేది సామర్థ్యం, దాన్ని వాట్లలో కొలుస్తాం. వ్యాకరణంలో పాణిని "సమర్థః పదవిధిః" అన్నాడు. అక్కడ సామర్థ్యం అంటే రెండు పదాల మధ్య ఉండాల్సిన అర్థ సంబంధం. అది లేకపోతే పదాలు పక్కపక్కనే ఉన్నా సమాసం కాదు. "భార్యా రాజ్ఞః, పురుషో దేవదత్తస్య" అన్నది దీనికి పాత ఉదాహరణ. భార్య రాజుగారిది, మనిషి దేవదత్తుడివాడు. రాజ్ఞః, పురుషః అనేవి పక్కపక్కనే వచ్చాయి కదా అని రాజపురుషుడు అని కలిపేయలేం, ఎందుకంటే ఆ రాజుకీ ఆ మనిషికీ సంబంధం లేదు. పదాలకి సామర్థ్యం లేదన్నప్పుడు బలం లేదని కాదు.

లింగం దగ్గరికి వచ్చేసరికి ఈ గందరగోళం మనుషుల మీద పడుతుంది. న్యాయశాస్త్రంలో (కోర్టులది కాదు, పాతకాలపు తర్కశాస్త్రం) లింగం అంటే గుర్తు. పొగని బట్టి నిప్పు ఉందని ఊహిస్తే, ఆ పొగ లింగం. జీవశాస్త్రంలో లింగం వేరు. వ్యాకరణంలో ఇంకా వేరు. సంస్కృతంలో భార్యకి మూడు మాటలు చూడండి: భార్యా స్త్రీలింగం, కళత్రం నపుంసకలింగం, దారాః పుంలింగం, అదీ ఎప్పుడూ బహువచనంలోనే. ఒకే మనిషి, మూడు లింగాలు. ఇది తెలిసిన ఎవరైనా వ్యాకరణ లింగాన్ని చూపించి ఆడవాళ్ల గురించి, మగవాళ్ల గురించి తీర్పులు చెప్పగలరా?

తెలుగులో సీత వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది అంటాం. ముగ్గురు స్త్రీలయ్యేసరికి వచ్చారు అంటాం, మూడు ఆవులైతే వచ్చాయి అంటాం. ఏకవచనంలో ఒక గుంపు, బహువచనంలో మరో గుంపు. ఇది క్రియల అమరిక, ఎవరి విలువనీ కొలిచేది కాదు. కానీ ఒక్క విషయం ఒప్పుకోవాలి. వ్యాకరణకర్తలు ఆ గుంపులకి పేర్లు పెట్టినప్పుడు పురుషుల్ని చెప్పే మాటల్ని మహత్తు అన్నారు, పశువుల్ని, వస్తువుల్ని చెప్పే మాటల్ని అమహత్తు అన్నారు. ఏకవచనంలో స్త్రీవాచకాలు అమహత్తులాగే నడుస్తాయని చెప్పారు. ఆ పేర్లు వింటే మనసు చివుక్కుమనేవాళ్లని నేను తప్పుపట్టను. క్రియల తీరు భాషది, పేరు మాత్రం మనుషులు ఎంచుకున్నది. పేరు మార్చుకోవచ్చు, నియమం చెక్కు చెదరదు.

ఒకే మాట రెండు శాస్త్రాల్లో ఉండటం లోపమని మాత్రం అనొద్దు. తెలిసి అప్పు తెచ్చుకుంటే చాలా లాభం. మార్ఫాలజీ అనే మాట జీవుల ఆకారాల అధ్యయనంగా జర్మన్ కవి గోథే కాలంలో పుట్టింది. 1859లో ష్లైకర్ అనే జర్మన్ భాషావేత్త దాన్ని భాషాశాస్త్రానికి తెచ్చాడు. తెలుగులో మనం జీవశాస్త్రానికి స్వరూపశాస్త్రం అనీ, భాషకి పదనిర్మాణం అనీ రెండు మాటలు చేసుకున్నాం. దాంతో ఆ చుట్టరికం మన పిల్లలకి కనిపించకుండా పోయింది.

అంతకంటే నాకు నచ్చినది వేలెన్సీ. రసాయనశాస్త్రంలో ఒక పరమాణువు ఎన్ని బంధాలు పెట్టుకోగలదో చెప్పే అంకె అది: సోడియంకి ఒకటి, కార్బన్‌కి నాలుగు. లూసియన్ తెనియేర్ అనే ఫ్రెంచ్ భాషావేత్త క్రియని కొక్కేలున్న పరమాణువుతో పోల్చి, ఒక్కో క్రియ ఎంతమందిని తగిలించుకోగలదో అదే దాని వేలెన్సీ అన్నాడు. ఆయన పుస్తకం చనిపోయాక 1959లో వచ్చింది. అక్కడ ఎలక్ట్రాన్లు లేవని ఆయనకీ తెలుసు, చదివేవాళ్లకీ తెలుసు. అయినా ఆ పోలిక పనిచేసింది. తెలుగులో పెట్టి చూడండి. "నిద్రపోయాడు" అనే క్రియకి ఒక్కరు చాలు. "తిన్నాడు"కి తినేవాడూ కావాలి, తినేదీ కావాలి. దాన్నే "తినిపించింది" చేస్తే తినిపించేవాళ్లు కూడా వచ్చి చేరి మూడవుతాయి. "ఇంచు" ప్రత్యయం చేసే పని ఇదే: క్రియకి ఇంకో కొక్కెం తగిలించడం. నడిచాడు, నడిపించాడు. నవ్వాడు, నవ్వించాడు.

వ్యాకరణం పాఠంలో దీన్ని ప్రేరణార్థకం అని ఒక్క పేరు చెప్పి వదిలేస్తున్నారు. ఆ పక్క పీరియడ్‌లోనే బోర్డు మీద కార్బన్‌కి నాలుగు గీతలు గీస్తుంటారు. పుస్తకాలు రాసేవాళ్లని నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. ధాతువు, గుణం, సామర్థ్యం, లింగం లాంటి మాట వచ్చిన చోట కింద ఒక్క వాక్యం వేయండి: ఈ మాట ఫలానా శాస్త్రంలో కూడా ఉంది, అక్కడ అర్థం ఇది, ఇక్కడ ఇది. తెలుగు టీచరూ సైన్స్ టీచరూ ఒకసారి కూర్చుంటే ఆ వాక్యాలన్నీ ఒక్క మధ్యాహ్నంలో తయారవుతాయి.