డోలుకు వెలిగిన బల్బు

వ్రతానికి ముందు రోజు సాయంత్రం మా ఆంప్లిఫయర్ మూగబోయింది. మూత విప్పి చూడగా గాజు ఫ్యూజులో తీగ తెగి ఉంది. గాజు మాత్రం నల్లబడలేదు. లోపల గట్టి షార్టు అయితే గాజు లోపలంతా మసి పట్టి ఉండేది కనుక రోగం చిన్నదేనని ధైర్యం చెప్పుకొని కోఠీ గుజరాతీ గల్లీకి పరుగెత్తాను. ఫ్యూజు టోపీ మీద ‘టి 3.15 ఏ’ అని ఉందనీ, టి అంటే నిదానంగా తెగే రకమనీ, నాకు అదే కావాలనీ ఎంత విడమరచి చెప్పినా, కౌంటరులోని కుర్రవాడు ఫోనులోంచి తల ఎత్తకుండానే “అన్నీ ఒకటే సార్” అని పొట్లం చేతిలో పెట్టాడు.

కొత్త ఫ్యూజు వేసిన వెంటనే నేరుగా ప్లగ్గు పెట్టకూడదు. 100 వాట్ల పాత ఫిలమెంటు బల్బును, కరెంటు దాని గుండానే ఆంప్లిఫయర్‌కు వెళ్ళేలా, సిరీస్‌లో కలిపితే, లోపల షార్టు ఉన్నా అర ఆంపియరుకు మించి కరెంటు పోదు. బల్బు భగ్గున వెలిగి సంగతి చెబుతుంది. ఇంట్లో ఉన్నవన్నీ ఎల్‌ఈడీలే కావడంతో వాచ్‌మన్ గదిలోని బల్బు అరువు తెచ్చాను. తెల్లవారి స్విచ్ వేయగానే అది ఒక్కసారి మెరిసి, సన్నగిల్లి, ఆరిపోయింది. అంటే అంతా క్షేమమే. ఇంతలో “పంతులుగారు వచ్చేశారు, ముందు సన్నాయి పెట్టండి” అని మా ఆవిడ కేక వేసింది.

పెట్టాను. సన్నాయి సాగినంతసేపూ బల్బు బుద్ధిగానే ఉంది. డోలు అందుకునేసరికి, ప్రతి దెబ్బకూ ఆంప్లిఫయర్ ఎక్కువ కరెంటు లాగడం వల్ల, పీట పక్కనే వైరుకు వేలాడుతున్న ఆ బల్బు తాళం తప్పకుండా వెలిగి ఆరడం మొదలుపెట్టింది. పంతులుగారి సంకల్పం గోత్రం దగ్గర ఆగింది. పిల్లలు పూజ వదిలి బల్బు చుట్టూ చేరారు. చూపు ఆనని మా పెద్దత్తగారు దానికే భక్తిగా దణ్ణం పెట్టుకున్నారు. మామగారు మాత్రం చాలాసేపు పరీక్షగా చూసి, “అల్లుడుగారూ, ఈ సీరియల్ సెట్టులో ఒక్క బల్బే పనిచేస్తున్నట్టుందే, వాపసు ఇచ్చేయలేకపోయారా?” అన్నారు. ఆయనకు సిరీస్ దీపం తత్త్వం వివరించబోతే మా ఆవిడ చూసిన చూపుకు నోరు పెగలలేదు.

బల్బు తీసేసి నేరుగా ప్లగ్గు పెట్టాను. టప్పుమంది. స్విచ్ వేసిన క్షణంలో ట్రాన్స్‌ఫార్మరూ కెపాసిటర్లూ కలిసి మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతాయి. నిదానం రకం ఆ పోటును ఓర్చుకుంటుంది, చప్పున తెగే ‘ఎఫ్’ రకం ఓర్చుకోదు. తెగిన ఫ్యూజు టోపీని భూతద్దంతో చూస్తే ఉన్నది ఎఫ్.

మర్నాడు దానిని కౌంటరు మీద పెట్టాను. “టి కావాలని ముందే చెప్పాలి కదా సార్” అన్నాడు. పైగా అది స్టాకు లేదట.