చర్చిలోకి బొమ్మ తిరిగొచ్చిన దారి

1944 ఫిబ్రవరి. యుద్ధం ఇంకా ముగియలేదు. ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్ ఊళ్లో, సెయింట్ మాథ్యూస్ చర్చిలో ఒక రాతి విగ్రహాన్ని ఆవిష్కరించారు. మరియమ్మ, ఆమె ఒళ్లో బాలయేసు. చెక్కింది ఆధునిక శిల్పి హెన్రీ మూర్. క్యాలెండర్లలో కనిపించే సుకుమారమైన మరియ కాదామె. బలమైన మోకాళ్లు, వెడల్పాటి భుజాలు, ఎండలో పనిచేసి వచ్చి కూర్చున్న మనిషిలా ఉంటుంది. ఊళ్లో గొడవ మొదలైంది. పత్రికలకు కోపంగా ఉత్తరాలు రాశారు. ఆ చర్చి గురువు వాల్టర్ హస్సీ తగ్గలేదు సరికదా, 1946లో ఎదుటి పక్కన గ్రాహం సదర్లాండ్ చేత సిలువ చిత్రం వేయించాడు. నాజీ శిబిరాల ఫొటోల ఛాయలున్న ఆ దేహాన్ని చూస్తూ ప్రార్థన చేయడం ఇప్పటికీ తేలిక కాదు.

ఈ గొడవ అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 16వ శతాబ్దపు మతసంస్కరణలో ఇంగ్లండ్ అధికారిక చర్చి అయిన ఆంగ్లికన్ చర్చి తన బొమ్మలను తానే పగలగొట్టుకుంది. తర్వాత అంతర్యుద్ధ కాలంలో, 1643-44లో, విలియం డౌజింగ్ అనే ఆయన కేంబ్రిడ్జి, సఫోక్ ప్రాంతాల చర్చిలు తిరుగుతూ ఎక్కడ ఏం పగలగొట్టించాడో డైరీలో రాసుకున్నాడు కూడా. ఈలీ కెథడ్రల్ (బిషప్ పీఠం ఉండే పెద్ద చర్చి)లోని మరియ ప్రార్థనాలయంలో తలలు లేని శిల్పాలు ఇవాళ్టికీ కనిపిస్తాయి. 19వ శతాబ్దంలో రంగుటద్దాలు, గోథిక్ శైలి కోసు కమానులు మళ్లీ వచ్చాయి గానీ, అందులో ఎక్కువ భాగం మధ్యయుగాలకు నకలే.

దారి మార్చింది జార్జ్ బెల్. కాంటర్బరీ కెథడ్రల్ డీన్‌గా, అంటే అక్కడి పెద్ద గురువుగా, ఉండగా 1928లో కవి మేస్‌ఫీల్డ్ చేత నాటకం రాయించి, హోల్స్ట్ చేత సంగీతం చేయించి, ఏకంగా కెథడ్రల్ లోపలే ఆడించాడు. తర్వాత చిచెస్టర్ బిషప్‌గా, బెర్విక్ అనే పల్లె చర్చి గోడల మీద చిత్రకారులు డంకన్ గ్రాంట్, వెనెస్సా బెల్‌లతో బొమ్మలు వేయించాడు. వాళ్లేమీ భక్తులు కారు. హస్సీ కూడా 1955లో అదే చిచెస్టర్‌కు డీన్‌గా వెళ్లాడు. అక్కడి కోసం అమెరికా సంగీతకారుడు బెర్న్‌స్టీన్‌ను కీర్తనలు కూర్చమని అడిగాడు. ఆయన బ్రాడ్‌వే సంగీత నాటకం ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ వాసన కాస్త తగిలినా సంతోషమేనని ఉత్తరంలో రాశాడు. 1965లో ఆ కెథడ్రల్ క్వాయర్ (గాయక బృందం) కుర్రాళ్లు దావీదు కీర్తనలను హీబ్రూలో పాడారు.

బెల్, హస్సీలు కళాకారుడి విశ్వాసాన్ని పరీక్షించలేదు, పనితనాన్ని చూశారు. పని అప్పగించాక చెయ్యి పట్టుకుని దిద్దలేదు. వచ్చిన తిట్లు తామే తిన్నారు. ఇదంతా ఏ కమిటీ వల్లా అయ్యే పని కాదని నా అనుమానం.

కమిటీలు, కోర్టులు చేరితే ఏమవుతుందో లండన్‌లోని సెయింట్ స్టీఫెన్ వాల్‌బ్రూక్ చెబుతుంది. మూర్ అక్కడికి గుండ్రటి పెద్ద రాతి బలిపీఠం చేశాడు. చర్చి చట్టం ప్రకారం అక్కడ ఉండాల్సింది ‘బల్ల’. ఈ రాయి బల్ల అవుతుందా? చర్చి కోర్టు ముందు కాదంది. పై కోర్టు 1987లో అవుతుందని తేల్చింది. జనం మాత్రం దానికి జున్నుముద్ద పేరు పెట్టేశారు.

ఇప్పటి సంగతి వేరు. 2014లో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో పెట్టిన బిల్ వయోలా వీడియో నాకు మంచి ఉదాహరణ. నాలుగు తెరలు, విశ్వాసం కోసం ప్రాణాలిచ్చిన నలుగురు హతసాక్షులు, మాట లేదు. ముందు నిలబడ్డవాళ్లు తమంతట తామే మౌనమైపోతారు. కానీ 2019లో నార్విచ్ కెథడ్రల్ నడి హాల్లో జాతరల్లో ఉండే జారుడుబండ గోపురం నిలబెట్టారు. పైకప్పు శిల్పాలు దగ్గర్నుంచి చూడొచ్చన్నది వాళ్ల వాదన. ఒక బిషప్ దాని మీద కూర్చునే ప్రసంగం చేశారు. అదే ఏడాది రోచెస్టర్ కెథడ్రల్‌లో మినీ గోల్ఫ్. జనం వచ్చారు, కాదనను. ఖర్చులు పెరిగి, ఆదివారం కుర్చీలు ఖాళీ అవుతున్న చర్చి పెద్దల టెన్షన్ కూడా తెలుసు. అయితే గోల్ఫ్ సామాను కొన్నాళ్లకు సర్దేశారు. మూర్ మరియమ్మ మాత్రం ఎనభై ఏళ్లుగా ఆరాధన మధ్యే కూర్చుని ఉంది.

ఈ కథలో మన దగ్గరి ముక్క ఒకటుంది, ఇంగ్లండ్‌లో రాసేవాళ్లు సాధారణంగా దాని జోలికి రారు. 1912లో తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, డోర్నకల్‌లో కెథడ్రల్ కట్టించాడు. 1939లో ప్రతిష్ఠ జరిగింది. బెల్ కాంటర్బరీలో నాటకం ఆడించిన రోజుల్లోనే ఇక్కడ ఒక బిషప్ ఇంగ్లిష్ గోథిక్ నమూనాను పక్కన పెట్టాడు. గుమ్మటాలు, మినార్లు మసీదును గుర్తుచేస్తాయి. స్తంభాలు గుడి మంటపంలోవి. వాటి మీద తామరలు. (మెదక్ చర్చి ఆ దారి పట్టలేదు. అది మెథడిస్టులు కట్టింది, పక్కా గోథిక్. 1947లో సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడ్డాకే రెండూ ఒకే గూటికి చేరాయి.) అజరయ్య సంఘంలో ఎక్కువమంది మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామందికి గుడి మంటపంలోకి అడుగుపెట్టే వీలే లేని రోజులవి. ఆ రాతి తామరల మధ్య కూర్చునే చోటు వాళ్లకు డోర్నకల్‌లో దొరికింది.