గిన్నెలో కొలువుదీరిన కిబుల్ గారికి

పెంపుడు జంతువులకి సంచీల్లో వచ్చే ఎండు గింజల తిండి అయిన మహారాజశ్రీ కిబుల్ గారి సముఖమునకు, తమరి గిన్నె రోజూ కడిగే మనిషి నమస్కరించి రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మా ఫెరెట్లు, అంటే ముంగిసలా కనిపించే పెంపుడు జంతువులు, రెండూ క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. సంచీ మీద కొట్టిన తేదీ ప్రకారం వచ్చే ఏడాది దాకా తమరికేమీ కాదు. మాంసం పేరు చెప్పుకుని బతికేవాళ్లలో ఇంత ఆయుష్షు ఉన్నవాళ్లను నేనింకెక్కడా చూడలేదు.

విషయానికి వస్తాను. ఈ ఇంట్లో తమరి పదవీకాలం ముగించి, ఆ కుర్చీలో పచ్చి మాంసాన్ని కూర్చోబెట్టాలని నిర్ణయించాం. రేపటికి రేపు ఖాళీ చేయమనడం లేదు. అలా అనే ధైర్యం నాకు లేదు, అన్నా ఫెరెట్లు ఊరుకోవు.

తమరి పలుకుబడి చూస్తే ముచ్చటేస్తుంది. ఫెరెట్ అంటే ఐరోపా పోల్‌క్యాట్ అనే అడవి వేట జంతువు సంతతి. రెండు వేల ఏళ్లుగా మనిషి పక్కన ఉంటూ అది చేసిన ఉద్యోగం బొరియల్లో దూరి కుందేళ్లను బయటికి తరమడం. ముందు కోరలు పట్టుకోవడానికి, వెనక పళ్లు కోయడానికి. పక్కలకి ఆడించి నమిలే దవడ కాదది. పేగు పొట్టి. పీచును నిలవబెట్టి పులియబెట్టే సీకమ్ అనే సంచీ దాని కడుపులో అసలే లేదు. తిన్నది మూడు నాలుగు గంటల్లో రెండో వైపు నుంచి వచ్చేస్తుంది. ఇలాంటి జంతువుకి తమరు బఠాణీ పిండి తినిపించి, అది చికెనేనని నమ్మించారు. ఎన్నికల్లో నిలబడే వాళ్లెవరైనా తమరి దగ్గర శిక్షణ తీసుకోవాలి.

అసలు కిటుకు ముక్కులో ఉంది. ఫెరెట్ పిల్లకి తొలి నెలల్లో ఏ వాసన తిండిగా పరిచయమైతే, ఆరు నెలల వయసుకల్లా దాని లెక్కలో అదొక్కటే తిండి. మిగతావన్నీ వస్తువులు. తమరు సరిగ్గా ఆ నెలల్లోనే గిన్నెలోకి దిగుతారు. అందుకే నేను మంచి చికెన్ ముక్క తెచ్చి నేల మీద పెడితే, మగ ఫెరెట్ దాన్ని వాసన చూసి వెనక్కి నడిచింది. ఆడది ఆ ముక్క మీదుగా దూకి తమరి గిన్నె దగ్గరికి పోయింది. వేటగాళ్ల వంశం! కోడిని చూసి దడుచుకుని బిస్కెట్ చాటున దాక్కుంది.

తమరి పుట్టుక గురించి కాస్త చదివాను, కోపగించుకోవద్దు. మాంసం పొడి, పిండి, నీళ్లు కలిపిన ముద్దని వేడితో, ఒత్తిడితో చిల్లుల పలక గుండా తోస్తారు. బయటికి రాగానే ముద్ద ఉబ్బుతుంది, కత్తి దాన్ని ముక్కలు చేస్తుంది, ఆ తర్వాత ఆరబెడతారు. ఇంతా అయ్యాక తమరికి ఏ రుచీ ఉండదు కాబట్టి చివర్లో కొవ్వు, రుచి ద్రవం పైన చల్లుతారు. ఫెరెట్ మోహపడింది ఆ పైపూతకి. 1950ల నుంచీ పెంపుడు జంతువుల తిండి ఇలాగే తయారవుతోంది. ఈ పద్ధతిలో ముక్క విరగకుండా, పొడి కాకుండా నిలవాలంటే పిండిపదార్థం ఉండి తీరాలి. అంటే ఆ పిండి అవసరం ఫెరెట్‌కి కాదు, తమరికి. తమరి నడుం నిలబెట్టడానికి వేసిన గంజిని దాని పేగు మోయాలి. నాకున్న అభ్యంతరాల్లో పెద్దది ఇదే.

సంచీ మీద రాతల గురించి కూడా ఒక మాట. 'ధాన్యం లేనిది' అని పెద్ద అక్షరాలు. లోపల బియ్యం, మొక్కజొన్న లేవు, నిజమే. వాటి కుర్చీల్లో బఠాణీ, బంగాళాదుంప, పప్పులు కూర్చున్నాయి. పదార్థాల జాబితాని తూకం ప్రకారం పేరుస్తారు, అందులో మొదటి పేరు తాజా చికెన్. తూకం వేసింది నీళ్లతో సహా. పచ్చి మాంసంలో సుమారు 70 శాతం నీళ్లే, తమరిలో మిగిలేది 10 శాతం. ఆరబెట్టాక ఆ చికెన్ ఏ స్థానంలో ఉంటుందో జాబితా చెప్పదు. బఠాణీ, బఠాణీ ప్రోటీన్, బఠాణీ పీచు అని ఒకే గింజని ముగ్గురిగా విడగొట్టి కిందకి జరపడం మరో తెలివి. ఫెరెట్‌కి కావలసింది 35 నుంచి 40 శాతం ప్రోటీన్, 15 నుంచి 20 శాతం కొవ్వు, 3 శాతం లోపు పీచు. ఆ ప్రోటీన్ జంతువుల నుంచి రావాలి. మొక్కల ప్రోటీన్ ఎక్కువైతే మూత్రం క్షారంగా మారి, మూత్రాశయంలో స్ట్రువైట్ రాళ్లు పడతాయి. అంకె సరిపోయిందా లేదా అని మాత్రమే చూసేవాళ్లకి ఈ సంగతి కనపడదు. తమరికి అలాంటివాళ్లే ఇష్టం.

అయినా అన్యాయంగా మాట్లాడను. మూడు నాలుగేళ్లు దాటిన ఫెరెట్లలో ఇన్సులినోమా అనే, ఇన్సులిన్‌ని అతిగా వదిలే పాంక్రియాస్ కణితి తరచుగా కనిపిస్తుంది. దానికి తమరి పిండిపదార్థమే కారణమని చాలామంది వేలు చూపిస్తారు. రుజువు కాలేదు. అనుమానం మీద ఉరి వేయను, ఉద్యోగం మాత్రమే తీస్తాను.

ఇక తమరిని దించే కార్యక్రమం ఎలా నడుస్తోందో విన్నవిస్తాను. 'రెండు రోజులు ఆకలితో ఉంచు, అదే తింటుంది' అని సలహా ఇచ్చే మహానుభావులు ప్రతిచోటా ఉంటారు. వాళ్ల భోజనం రెండు రోజులు ఆపి చూడాలనిపిస్తుంది నాకు. ఫెరెట్‌కి ఆ ప్రయోగం పనికిరాదు. రోజంతా కొంచెం కొంచెంగా తినే ప్రాణి అది. బయటపడని ఇన్సులినోమా ఉందంటే కొన్ని గంటల పస్తుకే రక్తంలో చక్కెర పడిపోతుంది. శూన్యంలోకి చూస్తూ నిలబడిపోవడం, వెనక కాళ్లు ఈడ్చడం, చొంగ కార్చడం, మూతిని కాళ్లతో గోక్కోవడం, ఆ తర్వాత ఫిట్స్. కాబట్టి ఆకలి సమ్మెలో ఓడిపోవాల్సింది ఎప్పుడూ నేనే.

మిగిలింది లంచం. పచ్చి ఖీమాని గోరువెచ్చటి నీళ్లతో పలచటి సూప్‌లా తిప్పి, వేలికి రాసి మూతి దగ్గర పెట్టాలి. మొహం తిప్పుకుంటే పెదవికి కాస్త పూయాలి, ఫెరెట్ మూతి నాక్కుంటుంది కదా, ఆ నాక్కోవడంలో ఒక చుక్క లోపలికి పోతుంది. రోజూ అదే వేళకి, అదే వేలితో. నచ్చితే చేప నూనె ఒక చుక్క. అప్పటికీ లొంగకపోతే తమరిని దంచి ఆ పొడిని మాంసం మీద చల్లాలి. వింటున్నారా? తమరి సిఫార్సు లేనిదే కోడికి ఈ ఇంట్లో ప్రవేశం దొరకలేదు. పొడి తగ్గిస్తూ, సూప్ చిక్కబరుస్తూ, ఖీమా నుంచి ముక్కలకి, ముక్కల నుంచి ఎముక ఉన్న కోడి రెక్కకి రావాలి. కొన్ని ఫెరెట్లు వారాల్లో మారతాయి, కొన్నింటికి నెలలు. మాకు నెలల రకం దొరికింది. పక్కన తూకం పెట్టుకుని బరువు చూస్తూ ఉండాలి, తగ్గుతుంటే వేగం తగ్గించి పశువైద్యుడి దగ్గరికి నడవాలి.

ఈ మధ్యలో మా జీవితం లిట్టర్ పెట్టె, అంటే ఫెరెట్ల మరుగుదొడ్డి, చుట్టూ తిరుగుతోంది. ఆకుపచ్చగా ఉందా, జిగురుగా ఉందా, గింజలు గింజలుగా ఉందా? ఇద్దరు పెద్దమనుషులు పొద్దున్నే కాఫీ తాగకముందే పెట్టె మీద వంగి చర్చించుకునే విషయాలు ఇవి. ఒక సంగతి మాత్రం తమరికి నచ్చదు. మాంసం తిన్న రోజు పెట్టెలో పడేది చిన్నది, వాసన తక్కువ. తమరు తిరిగి వచ్చిన రోజు కుప్ప.

పళ్లు శుభ్రం చేస్తానని తమరు చెప్పుకునే మాటకి మాత్రం నవ్వొచ్చింది. ఆ లెక్కన బిస్కెట్ తిని పడుకుంటే మనకీ బ్రష్ అక్కర్లేదు.

తమరి ప్రత్యర్థుల గురించి కూడా నాలుగు మాటలు చెప్పకపోతే ఏకపక్షం అంటారు. ప్రకృతి, పూర్వీకులు, సహజం అంటూ ఊగిపోయేవాళ్లు కొందరున్నారు. వాళ్ల గిన్నెలో చూస్తే చర్మం తీసిన బ్రెస్ట్ ముక్కలు, అంతే. పోల్‌క్యాట్ అడవిలో బోన్‌లెస్ ఆర్డర్ పెట్టదండీ! ఎముక లేని మాంసంలో ఫాస్ఫరస్ ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. ఆ లోటుని ఒళ్లు తన ఎముకల్లోంచి పూడ్చుకుంటుంది. ఆహారంలో 10 నుంచి 15 శాతం ఎముక, 10 శాతం దాకా లివర్, కిడ్నీ లాంటివి, టారిన్ అనే పోషకం కోసం గుండె, ఇంత కథ ఉంది. లివర్ ఇష్టపడిందని లివరే పెడితే విటమిన్ ఏ విషమవుతుంది. ఎముక పచ్చిదే కావాలి, ఉడికిస్తే పెళుసై చీలుతుంది. కొన్ని రకాల పచ్చి చేపల్లో ఉండే థయామినేజ్ అనే ఎంజైమ్ బి1 విటమిన్‌ని తినేస్తుంది. పచ్చి పంది మాంసంతో ఆజెస్కీ అనే వైరస్ వ్యాధి భయం. ఇవేవీ లెక్క చూడకుండా నడిపే పచ్చి మాంసం రాజ్యం కంటే తమరి పాలనే నయం. ఈ మాట రాయడం నాకు సంతోషంగా లేదు.

సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఫ్రీజర్‌లో చావదు, నిద్రపోతుంది. అందుకే పలక వేరు, కత్తి వేరు, చేతులు కడిగిందే కడగడం. ఇంట్లో పసిపిల్లలో, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లో ఉంటే అసలు ఈ కార్యక్రమం పెట్టుకోవాలా అని ఆలోచించాలి. తమరు మరీ మీసం తిప్పొద్దు, తమరి సంచీల్లోనూ సాల్మొనెల్లా దొరికి సరుకు వెనక్కి తెప్పించుకున్న సందర్భాలున్నాయి. ఇప్పుడు బర్డ్ ఫ్లూ బెంగ కొత్తగా వచ్చి చేరింది. 2024 చివర్లో అమెరికాలో పచ్చి తిండి నుంచి హెచ్5ఎన్1 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకి పిల్లి చనిపోయింది. ఫెరెట్ ఈ విషయంలో మరీ సున్నితం. 1933లో లండన్‌లో శాస్త్రవేత్తలు మనుషుల ఫ్లూ వైరస్‌ని మొదటిసారి పట్టుకున్నది ఫెరెట్ల సాయంతోనే, వాటికి మన ఫ్లూ అంత సులువుగా అంటుకుంటుంది. అందుకని మాంసం ఎక్కడిదో అడగకుండా కొనడం మానేశాం.

తమరికి పెన్షన్ విషయం తేల్చి ముగిస్తాను. పూర్తిగా వెళ్లగొట్టడం లేదు. ప్రయాణాలుంటాయి, ఫ్రీజర్ చెడిపోయే రోజులుంటాయి, ఫెరెట్లని ఎవరి దగ్గరో వదిలి ఆసుపత్రికి పరిగెత్తాల్సి రావచ్చు. గాలి చొరబడని డబ్బాలో తమరికి చోటు ఇచ్చాం. వారానికి ఒకసారి నాలుగు గింజలు గిన్నెలో పడతాయి, వాటి ముక్కు తమరిని మరిచిపోకుండా. అంతకు మించి ఆశించొద్దు.

ఇట్లు,
తమరి గిన్నె కడిగే మనిషి

తా.క.: సోఫా వెనక ఫెరెట్లు దాచిన తమరి గింజలు పిడికెడు దొరికాయి. ఏ కాలం నాటివో తెలియదు, చెక్కు చెదరలేదు. మొన్న అదే చోట కోడి రెక్క దాస్తే మర్నాటికల్లా ఇల్లంతా వెతికించింది. దాచుకునే తిండిగా తమరిని మించింది లేదని ఒప్పుకుంటున్నాను. ఇకపై మాంసం పెట్టినప్పుడు రెండింటినీ బోనులోనే ఉంచి, తినడం అయ్యాకే తలుపు తీస్తున్నాం.