2520 వింత సంఖ్యేమీ కాదు

బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం దాకా తెలుగు గ్రూపుల్లో ఓ ఫార్వర్డు తిరుగుతోంది. అందులో చెప్పేది ఇది: 1 నుంచి 10 దాకా దేనితో భాగించినా శేషం మిగలని సంఖ్య లోకంలో 2520 ఒక్కటే, దాన్ని రామానుజన్ కనిపెట్టాడు, వారానికి 7 రోజులు, నెలకు 30 రోజులు, ఏడాదికి 12 నెలలు గుణిస్తే అదే వస్తుంది గనుక అందులో రహస్యముంది.

భాగాహారం నిజమే. ‘ఒక్కటే’ అన్నది తప్పు. 5040, 7560, 10080... 2520 ఎక్కం ఎంత దూరం చదివితే అంత దూరం ఇలాంటివే. వీటన్నిట్లో చిన్నది 2520, అంతే. మన పిల్లలు ఒడియా బడిలో ల.సా.గు అనీ, తెలుగు పుస్తకంలో క.సా.గు (కనిష్ఠ సామాన్య గుణిజం) అనీ చదివే లెక్కే ఇది. 8 కోసం మూడు 2లు, 9 కోసం రెండు 3లు, పైన ఒక 5, ఒక 7. 8 × 9 × 5 × 7 = 2520. మిగతా 4, 6, 10 వాటిలోనే ఇమిడిపోయాయి. ఇది పట్టించుకోకుండా పదింటినీ వరసగా గుణించేస్తే 36,28,800 వస్తుంది. అసలుకు 1440 రెట్లు!

క్యాలెండరు రహస్యమూ ఇంతే. 30లో 2, 3, 5 ఉన్నాయి. 12లో రెండు 2లు, ఒక 3. వాటికి 7 తోడైతే పైన చెప్పిన సరుకే. అదే 31 రోజుల నెల పెడితే 2604 వస్తుంది. అది 5తో పోదు, 8తో పోదు, 9, 10తోనూ పోదు.

ఇక రామానుజన్. క.సా.గు ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ నాటికే ఉంది. రామానుజన్ 1915లో రాసిన పెద్ద పరిశోధనా వ్యాసం వేరే సంగతి మీద: తనకన్నా చిన్న ఏ సంఖ్యకూ లేనన్ని కారణాంకాలున్న సంఖ్యలు. వాటిలో 2520 ఉంది, దానికి 48 కారణాంకాలు. కానీ అక్కడ అది 102 సంఖ్యల జాబితాలో ఒకానొకటి. చివరిది 6746328388800.

నిజంగా పంచుకోదగ్గది ఆ జాబితాలో లేని సంఖ్య. అంతటివాడి చేతి నుంచీ ఒకటి జారిపోయింది: 293318625600. అంటే 29,331 కోట్ల 86 లక్షల 25 వేల 600. కొట్లో వాడే 12 అంకెల కాలిక్యులేటర్లో సరిగ్గా పడుతుంది. 64తో భాగించండి, 4583103525. దాన్ని 81తో, 25తో, 49తో భాగిస్తూ పోతే 46189 మిగులుతుంది. అది 11 × 13 × 17 × 19. కారణాంకాల లెక్కకు ఒక్కో ఘాతానికీ, అంటే ఒక్కో ప్రధాన సంఖ్య ఎన్నిసార్లు వచ్చిందో దానికి, 1 కలిపి గుణించాలి. ఇక్కడ 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసి, తక్కిన నాలుగూ ఒక్కోసారి: 7 × 5 × 3 × 3 × 2 × 2 × 2 × 2 = 5040. మన 2520కి రెట్టింపు, కాకతాళీయమే లెండి.

దీన్నే 23తో గుణిస్తే జాబితాలోని చివరి సంఖ్య వస్తుంది. అది మాత్రం కాగితం మీద చేసుకోవాలి. 13 అంకెలు గనుక ఆ కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది.